రెండో గేటు రిజిస్టరు

రాత్రంత జరిగింది పొద్దుగాల రాయాలె.
ఇంగ్లీషుల రాయాలె.
జరిగిపోయినట్టు రాయాలె.

"పదీ పావుకు గ్యాస్ బండి కమ్" అని రాసిన.
సెల్వరాజ్ సార్ ఎర్ర పెన్నుతోని చుట్టు గీసిండు.
"ఇంక వస్తనే ఉన్నదా మొగులమ్మా, ఆ బండి?"
గేటు దిక్కు చూసిన.
ఏ బండి లేదు.
నానక్‌రాంగూడ రోడ్డు మీద మంచు,
పాల పాకెట్ల ట్రేలు, అంతే.

కమ్ అంటే ఇంక రానట్టేనట.
కేమ్ అంటేనే వచ్చినట్టు.
నోరు జర ఎక్కువ తెరిస్తే
నిన్న అయితది.

ఏడో తరగతి ఇనాయా
స్కూలు బస్సు వచ్చేదాక నా కుర్చీ పక్కన నిలవడి చెప్తది:
"కొన్నిటికి వెనక డీ తగిలిస్తే చాలు ఆంటీ.
వాక్‌కు వాక్డ్. లాక్‌కు లాక్డ్."
గేటుకు గొళ్లెం పెట్టినట్టు, ఒక డీ.
సమజైంది.
మరి గో కు గోడ్ అన్న.
పిల్ల బ్యాగు కింద పడేసి నవ్వింది.
గోడ్ కాదంట, వెంట్ అంట.
గో ల లేని అక్షరాలు యాడికెల్లి వచ్చినయ్?
పోయేటోడు పోయేటప్పుడు
పేరు సుత మార్చుకొని పోతడా?

"దానికి రూల్ లేదాంటీ, బట్టీ పట్టాలంతే."
బస్సొచ్చింది.
"కట్‌కు మాత్రం కట్టే!" అని అరుసుకుంట ఎక్కింది.
కట్, కట్, కట్.
మా జీతం ముచ్చటనే గద అది.
నిన్న ఇయ్యాల ఎప్పుడన్న
మారని మాట.

ఇసొంటి దెబ్బ నాకు కొత్త కాదు.
బషీరాబాద్ బడిల, నాలుగో తరగతిల
"నాయిన సంతకు పోయిండు" అని పలక మీద రాస్తే
పంతులమ్మ కొంగుతోని తుడిచింది.
"పోయిండు కాదు, వెళ్ళాడు."
ఇంటికొచ్చి అమ్మతోని అన్న: నాయిన వెళ్ళాడు.
అమ్మ పొయ్యి కాడికెల్లి లేచొచ్చి
"ఏడికి పోయిండే?" అని బుగులుతోని అడిగింది.
అప్పటిదాక మా ఇంట్ల ఎవ్వలు వెళ్ళలేదు.
అందరు పోయినోళ్లే.

వచ్చిండు తప్పు, వచ్చాడు ఒప్పు.
నేను వచ్చిన తప్పు, వచ్చాను ఒప్పు.
ఒక్క "వచ్చింది" కాడ మాత్రం
పుస్తకానికి మా ఇంటికి పంచాదే లేదు.
అమ్మ వచ్చింది, బర్రె వచ్చింది,
రేషన్ బియ్యం లారీ వచ్చింది.
కొట్లాటంత మగోని రాక కాడనే.
మా రాక, బర్రె రాక, లారీ రాక
ఎవ్వలు దిద్దలే.

కేమ్‌కు ఆ తేడా లేదు.
సార్ కేమ్. కుక్క కేమ్. మొగులమ్మ కేమ్.
అదొక్కటి నాకు నచ్చింది.
సార్‌కు చెప్పలే.

లీవ్‌కు పాస్టు ఏందో ఇనాయా చెప్పకముందే
నేను చూసిన.
మొదటి గేటు బాలనర్సయ్య
బిడ్డ కాన్పుకు నాలుగు దినాలు లీవ్ అడిగిండు.
ఐదో దినం వచ్చేసరికి
రోస్టర్ల ఆయన పేరు పక్కన
అదే ఎర్ర పెన్ను: లెఫ్ట్.
స్పెల్లింగు కరెక్టు. సంతకం కరెక్టు.
ఆ మాట మీద ఏలు పెట్టి
"ఎడమ దిక్కు డ్యూటీ ఏసిండ్రా అక్కా?" అని అడిగిండు.
నాకు నోరు రాలే.
ఎడమ దిక్కే నడుసుకుంట పోయిండు.

రాత్రి రెండున్నరకు గేటవతల ఎవలో నిలవడ్డరు.
టార్చి కొట్టిన. బాలనర్సయ్య.
చేతిల లడ్ల డబ్బ. మనవరాలంట.
రెండు తిన్న. నీళ్లు తాగిన.
ఎత్తు ఎంతున్నది, ఎంటికలు ఉన్నయా,
ఎవరి పోలిక అని అడిగిన.
బాకీ జీతం సంగతి ఆయన ఎత్తలే, నేను ఎత్తలే.

రిజిస్టర్ల రూలు రూలే.
పేరు రాసిన. కేమ్ అని రాసిన, నోరు తెరిచి.
పర్పస్ కాడ లడ్డు అని రాసిన.
అవుటు గడిల లెఫ్ట్ అని రాయాలె.
చెయ్యి రాలే.
పంతులమ్మ తుడిచిన మాటను తెచ్చి
తెలుగుల పెట్టిన:
పోయిండు.

సెల్వరాజ్ సార్‌కు తెలుగు మాట్లాడొస్తది, చదువరాదు.
పొద్దుగాల ఎర్ర పెన్ను పట్టుకొని
ఆ గడి మీద చానసేపు ఆగిండు.