అందిందన్న మాట

నర్సాపురం రేవులో మూడో ట్రిప్పు పంటు.
ఒళ్ళో లాప్‌టాపు, చేతిలో రెండు ఫోన్లు.
సఖినేటిపల్లి ఒడ్డు చేరేలోగా
ఒక టవరు నన్ను వదలాలి, ఇంకొకటి పట్టుకోవాలి,
ఆ మధ్యలో ఏం జారిపోయిందో నేను రాసుకోవాలి.
జీతం దానికే.

పక్కన మోటారుసైకిలు మీద రొయ్యల మేత బస్తా,
బస్తా మీద చెయ్యేసి ఒకాయన.
"ఏటి చూత్తన్నారమ్మాయిగారూ, అలా గీతలు?"

చెప్పాను, వచ్చినట్టు.
కబురుని ముక్కలు చేసి, ముక్కకో నంబరేసి పంపుతామండి.
అవతలి నుంచి 'అందింది' అని రావాలి.
ఒకటి అందితే రెండు పంపుతాం,
రెండూ అందితే నాలుగు, తర్వాత ఎనిమిది.
ఒక్కదానికి జవాబు రాకపోయినా
దారిలో రద్దీ అనుకుని
సగానికి తగ్గి నడుస్తాం.

"మంచి మర్యాదేనండి" అన్నాడు.

మర్యాదే.
తీగల్లో పుట్టి తీగల్లో పెరిగిన మర్యాద.
అక్కడ ముక్క పోయిందంటే తోపులాటే.
ఇక్కడ ఎవరు తోశారు?
నీటి మీద పడి లేచిన మాట
నేరుగా వచ్చిన మాటతో ఢీకొని రెండూ చెడ్డాయి.
ఇసుక పడవ అడ్డం వచ్చింది.
గాలి తిరిగింది.
దారంతా ఖాళీ,
వీడు మాత్రం ఎవరికో దారిచ్చినట్టు
గట్టు దిగి నిలబడ్డాడు.

మా నాన్న కాలవ మీద లస్కరు.
శివారుకి నీళ్ళందలేదని కబురొస్తే
కొత్తగా వచ్చిన ఇంజనీరు "కాలవ పొర్లుతోందేమో, తలుపు దించు" అన్నాడట.
నాన్న దించలేదు.
లాంతరు పట్టుకుని గట్టెంబడి నడిచాడు,
నాలుగు మైళ్ళో, ఐదో.
తూటికాడ కింద ఎండ్రకాయ బొరియ,
అందులోంచి ఒకరి చేలోకి చప్పుడు లేకుండా నీళ్ళు.
"తలుపు దించితే బొరియ పూడుద్దేంటే?" అనేవాడు నాతో,
ఆ రాత్రి సంగతి చెప్పినప్పుడల్లా.

నా ముక్కలకి నడిచే మనిషి లేడు.
రెండు చివరలకే కళ్ళు,
మధ్యంతా చీకటి, ఊహ.

"మా చెరువులోనూ ఓ డబ్బా పెట్టారండి"
ఆయన బస్తా సర్దుకున్నాడు.
"ఆక్సిజన్ పడిపోతే ఫోనుకి చెబుద్దని.
మొన్న తెల్లారగట్ట నాకే మెలకువొచ్చి టార్చి ఏత్తే
గట్టు పొడుగూతా ఎర్రగా కళ్ళు.
రొయ్యంతా పైకొచ్చేసింది.
ఏరియేటర్లు ఏసి, కాళ్ళు కడుక్కుని,
గుడిసెలో కూచుని బీడీ ముట్టిస్తే
అప్పుడు మోగిందండి ఫోను.
సిగ్నలు ముందు నుంచీ ఉందే!
మా తమ్ముడితో మాట్లాడేను కూడా."

నాకు తెలుసు ఆ డబ్బా ఏం చేసిందో.
పిలిచింది, పలకలేదు. ఒక్క సెకను ఆగింది.
మళ్ళీ పిలిచి రెండు, తర్వాత నాలుగు, ఎనిమిది,
ఆగడం రెట్టింపవుతూ నిమిషాల్లోకి పోయింది.
ఈలోగా టవరు తిరిగొచ్చి
చెరువు మీద నిండా పరుచుకుంది.
డబ్బా కళ్ళు మూసుకుని
ఇంకా అంకెలు లెక్కపెడుతోంది.

ఆయనకి చెప్పలేదు.
"ఎన్ని పోయినయ్?" అన్నాను.
"తట్టడు. ఇంకో పావుగంటైతే చెరువే."

నడిరేవు.
గీత పడిపోయింది. సున్నా.
ఇంజను మోత, డీజిలు వాసన,
బస్తా మీద ఆయన చెయ్యి,
ఇద్దరం తెర వైపే చూస్తున్నాం.
ఒకటి.
చాలాసేపటికి, రెండు.

"దీనికి మందేం లేదాండి?"
కొత్తవి వస్తున్నాయండి.
పోయిన ముక్కల్ని పట్టించుకోకుండా
తిరిగొచ్చిన వాటి ఆలస్యాన్ని కొలుస్తాయి.
"ఆయ్" అన్నాడు, నమ్మకుండా,
అడుగు పొడి నేల మీద పెడుతూ.

రేవులో చెక్క బల్ల మీద కూచుని ఫారం నింపాను.
నష్టానికి కారణం అన్న గడిలో
'రద్దీ' అని ముందే ఉంది.
చెరిపి 'గాలి' అని కొట్టాను, తీసుకోలేదు.
'బొరియ' అని కూడా కొట్టి చూశాను.
చివరికి జాబితాలో అడుగున ఉన్నది నొక్కాను:
ఇతరములు.