పాస్‌వర్డ్ చెప్పకూడదు

భూగర్భశాస్త్ర విభాగంలో వైఫై
మేడమెట్ల మలుపు దగ్గరే దొరుకుతుంది.
ఆ సంగతి నాకంటే ముందు కనిపెట్టింది దుంగ పోలమ్మ.
నేను కంప్యూటర్ ఆపరేటర్ని, కాంట్రాక్టు.
రౌటరు దీపాలు లెక్కపెట్టుకుంటూ గదిలో కూచుంటాను.
ఆవిడ చీపురుతో రుజువు చేసింది:
"గుంటలు ఏ మెట్టు మీద సెనక్కాయ తొక్కలు ఒగ్గీసి పోతారో
అక్కడే బాబూ నీ సిగ్నలు."

ఎచ్చెర్ల ఎండకి
బీరువాల్లో రాళ్లు కూడా చెమర్చే మే నెలలో
సర్క్యులర్ వచ్చింది.
ఇకమీదట ఊడ్చేవాళ్ల హాజరూ ఫోన్లోనే,
జీతం చీటీ మెయిల్లోనే,
అందరికీ విభాగం పేరిట తలో చిరునామా.

చిలకపాలెం జంక్షన్, పంక్చర్ల కొట్టు ఎనక రేకుల గది
అని మొదలెట్టింది పోలమ్మ.
అది కాదన్నాను.
మరి కవిటి కాడ మా ఊరా?
అదీ కాదు.
"ఇల్లూ కాక, ఊరూ కాక
ఈ మూడో సిరునామా ఏటి బాబూ?"
నా దగ్గర జవాబు లేదు. పేరు టైపు చేశాను.
సర్వర్లో అప్పటికే ఇద్దరు పోలమ్మలున్నారు,
ఒకరు లైబ్రరీ, ఒకరు హాస్టలు వంటగది.
చివర అంకె చేర్చమంది యంత్రం.

పాస్‌వర్డ్ మరచిపోకూడదు,
ఎవరూ ఊహించలేనిదై ఉండాలి,
ఎవరికీ చెప్పకూడదు.
గోడమీది కాగితం చదివి వినిపించాను.
ఆవిడ చీపురు గోడకి ఆనించి
కిటికీలోంచి సరుగుడు తోట వైపు కాసేపు చూసి
"కొబ్బరిసెట్లు" అంది. "నలభై మూడు."
చెప్పకూడదన్నానా అని నేను కసిరేలోపే
మిగతాదీ చెప్పేసింది.
తిత్లీ రాత్రి పడిపోయినవి అవి.
తెల్లారి గట్టెక్కడో తెలీక
మాను మీంచి మాను మీదికి నడుచుకుంటూ లెక్కపెట్టింది.
రాసుకోడానికొచ్చిన గుమస్తా
ముప్పై ఒకటే రాసుకుని జీపెక్కాడు.
"మిగతా పన్నెండూ
నాకు తప్ప ఇంకెవలికీ తెల్దు. ఇది సాల్దా?"

కొట్టాను.
ఎర్రటి అక్షరాలతో వచ్చింది: బలహీనం.
ఒక పెద్దక్షరం కావాలట, ఒక గుర్తు కావాలట.
ఆవిడ ఊరి మొదటి అక్షరాన్ని పెద్దది చేశాను.
గుర్తుల్లో నక్షత్రం వద్దంది, డాలరు వద్దంది,
ప్రశ్నార్థకం దగ్గర వేలు ఆపి
"ఇది కొడవలిలాగుంది, పెట్టు" అంది.

తర్వాత రోజూ ఏడింటికి
మెట్ల మలుపులో ఫోను ఎత్తి పట్టుకుని నిలబడేది.
తెరమీద చక్రం తిరిగేది, ఆగేది, మళ్లీ తిరిగేది.
గానుగెద్దు నయం, నూనైనా వస్తాదనేది.

జూలైలో వచ్చి, నా పేరున ఓ ఉత్తరం కొట్టు అంది,
వైకుంఠరావు మాస్టారికి.
రెండేళ్లుగా నోటితో చెబుతున్న మాటే.
మైక్రోస్కోపుల గది కప్పు కారతంది,
నీలు ఎత్తిపొయ్యలేకపోతన్నాను, సిమెంటు ఏయించండి.
భాష సరిచేయబోతే నా చెయ్యి పట్టుకుంది.
కారతంది అనే ఉంచాను.

పక్క గదే ఆయనది. మధ్యలో ఒక్క గోడ.
ఉత్తరం మాత్రం ఏ దేశాలు తిరిగి వెళ్లిందో
గోడ అవతల టింగుమంది.
కుర్చీ జరిగిన చప్పుడు.
ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.
"సదూతన్నాడు" అంది పోలమ్మ, ఊపిరి బిగబట్టి.

కప్పు ఇంకా కారుతోంది.
జవాబైతే వచ్చింది: అందినది, పరిశీలనలో ఉన్నది.
అది ప్రింటు తీయించుకుని
నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది,
గుమస్తా ఇవ్వని రశీదు ఇన్నాళ్లకి ఎవరో ఇచ్చినట్టు.

అన్నట్టు, ఇక్కడ
చెట్ల లెక్క మార్చి రాశాను.
కొడవలి గుర్తూ అది కాదు.
అసలు లెక్క నాకు తెలుసు.
చెప్పను.