చాప కింద నీరు

మొంబాసా నీటి సరఫరా ఆఫీసు, మూడో అంతస్తు.
పంకా తిరుగుతుంది, గాలి రాదు.
రెండుసార్లు నా ఫైలు వెనక్కొచ్చింది.
లికోనీ వైపు తుప్పు తినేసిన పైపు మార్చాలని
లెక్కలతో, ఫొటోలతో,
రెండోసారి అరిచి మరీ చెప్పాను.
నిజం నా పక్షాన ఉంది కదా, ఇంకేం కావాలనుకున్నాను.

రిజికీ మేడమ్ ఫైలు తెరవలేదు.
"కిప్లగట్ ఎందుకు కాదన్నాడు?"
మొండివాడు గనక, అన్నాను.
"అది తిట్టు. నేనడిగింది కారణం."

నాకు తెలియదు.

ఆ వారమంతా ఆమె వెనకే తిరిగాను,
సంచి మోసే కుర్రాడిలా.
కిప్లగట్ గదిలో అల్లం చాయ్ తాగింది,
పైపు మాటే ఎత్తలేదు.
ఎవరో తొందరపెట్టి పెట్టించిన సంతకానికి
ఆడిట్‌లో తానొక్కడే నిలబడి మాటలు పడ్డానని
అతనే చెప్పాడు, కప్పులోకి చూస్తూ.
స్టోర్స్‌లో అథుమానీ:
సామాను కావాలి గానీ మీటింగుకి నన్నెవరు పిలుస్తారు?
యూనియన్ గదిలో ముసలి కొంబో:
రాత్రిళ్ళు గుంతలోకి దిగేవాళ్ళకి బూట్లేవీ?

ఎక్కడో ఒకచోట మాట మారుస్తుంది,
పట్టుకుందామని కాచుకుని ఉన్నాను.
మార్చలేదు.
గుమ్మం ఎత్తును బట్టి తల వంచింది, అంతే.

"ఇది రాజకీయం కాదా మేడమ్?"
లిఫ్టులో అడిగాను, సిగ్గుపడుతుందని.
"రాజకీయమే.
నువ్వు చెయ్యనంత మాత్రాన అది ఆగదు.
ఇంకెవరో చేస్తారు, ఇంకెందుకో."

గురువారం మీటింగు పదకొండు నిమిషాలు.
నా లెక్కలు అవే, అంకె మారలేదు.
కింద మూడు టేబుళ్ళ సంతకాలు,
ఖర్చులో ముప్పై జతల బూట్లు.
"ఇది మనం ఎప్పుడో చెయ్యాల్సింది" అన్నాడు కిప్లగట్,
ఆలోచన తనదేనన్నట్టు.
నా గొంతులో ఏదో లేచింది.
బల్ల కింద రిజికీ మేడమ్
నా బూటు మీద చెప్పు పెట్టి నొక్కింది.
మింగాను.
ఆ ఏడాదిలో నేను నేర్చిన కష్టమైన పని అదే.

చాప కింద నీరంటే ఇన్నాళ్ళూ తిట్టనే అనుకున్నాను.
చాప మీద కూర్చున్నవాళ్ళకి
దాహమేస్తుందని తోచలేదు.

వానలకి ముందు కొత్త పైపు తిప్పాం.
నీళ్ళు మొదట ఎర్రగా, తర్వాత మామూలుగా వచ్చాయి.
పసుప్పచ్చ డబ్బాతో ఒకావిడ
అడ్డం లెమ్మంది మమ్మల్ని,
ఇద్దరం పక్కకి జరిగాం.