వెర్చెల్లిలో గీత దిగింది

మడిలో గాజులాంటి పెట్టె బోర్లించి
ఓర్నెల్లా గడియారం చూస్తుంది.
పది నిమిషాలకోసారి సిరంజితో
నేల ఊపిరి లాగి సీసాలో బిగిస్తుంది.

"నా పొలం త్రేన్పులక్కూడా లెక్కలా?"
గౌదెంజో నవ్వుతాడు, బూట్లు దులుపుకుంటూ.

మూడేళ్లుగా పొడి విత్తనమే.
జూన్ దాకా నీళ్లు కాలవలోనే.
దేశం లెక్కల్లో వరి గీత
వెంట్రుకవాసి కిందికి వంగింది;
యూరియా చల్లిన వారం మాత్రం
ఇంకో వాయువు, అతనికి నోరు తిరగని పేరు,
పక్క గీతలోంచి తలెత్తింది.

కాగితం చూపిస్తే
అతను కళ్లజోడు వెతుక్కోడు.
"మే నెల రాత్రుళ్లు కప్పల గోలకి
కిటికీ మూసుకుని పడుకునేవాణ్ణి.
ఇప్పుడు తెరిచే ఉంచుతున్నా.
దానికీ ఓ గీత ఉందా మీ దగ్గర?"

ఆమె సీసా మీద తేదీ రాస్తుంది.

కొంగ ఒకటి పొడి మడిలో దిగి
ఒక్కసారి పొడిచి చూసి
లేచింది.