కట్ట నంబరు 212

ఏసీ గది తాళం నా దగ్గరుంటుంది.
జీతం మాత్రం కాంట్రాక్టరు దగ్గర.

యూనివర్సిటీ లైబ్రరీ, మూడో అంతస్తు. కిటికీ తీయకూడదు.
తీస్తే ఎండ వస్తుంది, ఎండ వెనకే
గుంటూరు వస్తుంది ఘాటుగా, మిరప యార్డు వైపు నుంచి.
తాటాకులకి అది పడదంటారు సత్యవర్ధనిగారు.
నాకు పడుతుంది. మా అమ్మ ఇరవై ఏళ్లు
కోల్డ్ స్టోరేజి నీడన తొడిమలు తీసింది.
రాత్రిళ్లు మజ్జిగలో వేళ్లు ముంచుకుని కూర్చునేది,
ఎవరితోనూ మాట్లాడకుండా.

నా వేళ్లకు మంట లేదు. నిమ్మగడ్డి నూనె వాసన.
మెత్తటి కుంచె, దూది, గిన్నెలో దీపపు మసి.
ఈ వేళ 212. వెలిసిన ఎర్రగుడ్డ మూట,
రెండు చెక్కల మధ్య నలభై ఒక్క ఆకులు.
రిజిస్టరులో
గ్రంథకర్త: తెలియదు.
విషయం: పశువైద్యం.
ఇచ్చినవారు: పొన్నూరు దగ్గర ఎవరో, సంతకం అలుక్కుపోయింది.

ఉబ్బరానికి వాము, గిట్టల పుండుకి వేపనూనె.
గంటం పట్టినవాడు తొందరలో ఉన్నాడు.
వత్తులు ఎగ్గొట్టాడు, ళ ఉండాల్సిన చోటల్లా ల.
పదిహేడో ఆకు అంచున ఓ దూడని గీశాడు,
మూడే కాళ్లు.
నాలుగోది పురుగు తిన్నదో, అతనే మరిచాడో.

చివరి ఆకు ఖాళీ అనుకున్నాం.
సత్యవర్ధనిగారు పెన్సిలుతో "ఖాళీ" అని రాశారు కూడా.
తుడుస్తుంటే వేలికొసకి ఏదో తగిలింది,
పండుకాయల్లో తాలుకాయ అమ్మ వేలికి తెలిసినట్టు.
మసి అద్దాను. తుడిచాను.
ఇన్నాళ్లూ రంగు లేకుండా పడుకున్న అక్షరాలు
ఒక్కొక్కటే నల్లబడ్డాయి.
రాసినవాడు మసి పూయలేదు.
అంటే ఎవ్వరూ చదవలేదు.

"ఇందాకా చదివితివి గనక
లేచి గొడ్డుకు నీళ్లు పెట్టుము.
అది అడగనేరదు."

అంతే. పేరు లేదు, ఊరు లేదు,
దేవుడికి దండమైనా లేదు.

"ఇంకోసారి చదువు నాగూర్‌బీ" అన్నారావిడ.
చదివాను.
కళ్లజోడు తీసి తుడుచుకుని, రబ్బరు వెతికి,
"ఖాళీ" చెరిపి
"ఒక వాక్యం" అని రాశారు.
తర్వాత టిఫిన్ బాక్స్ తీసుకుని భోజనానికి వెళ్లారు.

అయిదున్నరకి తాళం వేసి గేటు దగ్గర నిలబడ్డాను.
గోడకి మెడ ఆనించి ఓ ఎర్రావు
సినిమా పోస్టరు చించుకు తింటోంది, మైదా జిగురు కోసం.
హీరో పేరు సగం అప్పటికే లోపలికెళ్లింది.
బడ్డీకొట్టు పిల్లాణ్ణి అడిగి పాత సిమెంటు తట్ట తెచ్చి
నా సీసా వంచాను. ఏం చాలుతుంది.
కుళాయికి మూడుసార్లు తిరిగాను.
నల్లపాడు బస్సు వెళ్లిపోయింది.

ఎన్ని వందల ఏళ్ల ఆలస్యమో నాకు తెలీదు.
ఆకుల వయసు పరీక్షకి ఇంకా డబ్బు మంజూరు కాలేదు.

ఆవు తాగింది.
తలెత్తి నా చేతులు వాసన చూసింది.
గడ్డే కదా అనుకుని
నాకబోయి, మానేసింది.