మొప్ప

గోపాల్‌పూర్ నోలియా సాహీలో
మా లెక్కల పుస్తకం తెలుగే, అక్షరాలు మాత్రం ఒడియా.
వంజరం, చందువ, కానాగంత, కవ్వలు...
బళ్లో నేర్చిన గుండ్రటి గొడుగుల కింద
ఇంట్లో మాట తలదాచుకుంటుంది.

మామ్మ, సూరాడ బుడ్డెమ్మ, చదవగలిగేది ఒక్కటే పుట:
చేప మొప్ప.
బొటనవేలితో ఎత్తి చూస్తుంది.
ఎర్రగా ఉంటే ఈ పొద్దుటిది,
ఇటిక రంగైతే నిన్నటిది.
తెల్లబారితే ఏమీ అనదు,
పక్కన పెట్టి చెయ్యి కొంగుకి తుడుచుకుంటుంది.

నవంబరు నుంచి తాబేళ్ల కాలం.
నీళ్ల మీద గీత గీసి
మోటారు బోట్లు రావద్దన్నారు.
దండాసి బాబాయికి శ్రీకూర్మం మొక్కుంది,
తాబేల్ని తిట్టడానికి నోరు రాదు.
గీత గీసినవాళ్లని తిడతాడు,
అదీ తెలుగులో, వాళ్లకి అర్థం కాకుండా.

ఆ నెలల్లోనే
బరంపురం బజార్లో తెల్ల డబ్బాలు బలిశాయి.

మొదట ఇలిస వచ్చింది.
చిలికది కాదు, పారాదీప్‌ది కాదు.
"రంగం నుంచి" అన్నాడు ఏజెంటు.
మామ్మ గంప దించేసింది.
"మా తాత ఈ రేవులోనే ఓడెక్కి రంగమెల్లినాడు.
ఆడు తిరిగి రానేదు.
సేప మాత్రం ఒచ్చీసింది."
మొప్ప ఎత్తింది.
ఇటిక రంగు కూడా కాదు, తడిసిన అట్ట రంగు.
అయినా కిలోకి మనకన్నా నూట ఎనభై తక్కువ.
కొనేవాళ్లెవరూ మొప్ప ఎత్తలేదు.

తర్వాత వచ్చినదానికి
తల లేదు, తోక లేదు, ముల్లు లేదు,
నీచు వాసన కూడా లేదు.
సబ్బు బిళ్లల్లా పేర్చిన ముక్కలు.
మామ్మ ఒకటి తీసి అటూ ఇటూ తిప్పింది.
బొటనవేలు చోటు వెతుక్కుంది.
"దీనికి మొప్పెక్కడే?"

డబ్బా మీద నేను చదివి చెప్పాను:
ఏదో దేశం, ఏదో నది,
పట్టి పద్నాలుగు నెలలు.
"అయితే ఇది మీ తమ్ముడికన్నా పెద్దదే!"
ఆ రోజంతా ఆమె నవ్వింది అప్పుడొక్కసారే.

వేట లేనప్పుడు బాబాయికి
బీచి హోటల్లో రాత్రి కాపలా.
భోజనాల గది గోడ నిండా ఆయన ఫోటో,
నడుం వంచి వల లాగుతూ.
కింద బల్లల మీద ఆ తెల్ల ముక్కలు, నిమ్మచెక్కతో.
తన ఫోటోకి తనే కాపలా.
జీతం ఎనిమిదో తారీఖున వస్తుంది, ఠంచనుగా,
సముద్రం ఎప్పుడూ అలా ఇవ్వలేదని ఒప్పుకుంటాడు.

సాహు గారి ఐస్ ఫ్యాక్టరీలో
వాళ్ల డబ్బాలకీ మా గంపలకీ ఒకటే మంచు.
వాళ్లకి ముందు కొడతారు,
మాది అప్పు.

కోల్డ్ స్టోరేజీలో ప్యాకింగ్ పనికి
ప్లస్ టూ అయ్యాక నన్ను రమ్మన్నారు,
చేతికి గ్లవ్సు, నెలకి తొమ్మిది వేలు.
నేను కాదనలేదు.
ఫారం లెక్కల పుస్తకంలోనే ఉంది,
పోయినేటి కవ్వల పేజీలో మడిచి.

జూన్ సగం దాటాక మొదటి వేట.
పలక మీద సుద్దతో ఒడియాలో రాశాను:
బోటు గంగమ్మతల్లి,
ఒడ్డుకి చేరింది నాలుగూ ఇరవైకి,
పట్టినవాడు సూరాడ దండాసి.
మామ్మ పలకని చూసి మూతి విరిచింది.
"సేప సెప్పదేటి, పలక సెప్పాలా?"
అన్నదే గాని గంప ముందు నిలబెట్టింది.

చదివినవాళ్లు చాలామందే.
ఒకాయన ఫోటో తీసుకుని, బాగుందని మెచ్చుకుని,
అవతలి కొట్లో తెల్ల ముక్కలు కొన్నాడు.
పది గంటలకి పదకొండు కిలోల కానాగంతలు మిగిలాయి.
ఎండు చేపలవాడు దూరంగా బీడీ కాలుస్తూ
మా గంపనే చూస్తున్నాడు. వాడికి తొందర లేదు.

అప్పుడొక పిల్ల ఆగింది, బడి యూనిఫారంలో,
వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని.
చేపకి కళ్లుంటాయా అని అడిగింది.
మామ్మకి ఆ ఒడియా అర్థమైంది, జవాబు చెప్పలేదు.
ఆ చిన్న బొటనవేలు పట్టుకుని
మొప్ప కింద పెట్టి, మెల్లగా ఎత్తించింది.
లోపలి ఎరుపు చూసి
పిల్ల చెయ్యి లాక్కుంది.
మళ్లీ పెట్టింది.

వాళ్లమ్మ బస్సు వచ్చే వైపు చూస్తోంది.
మామ్మ ఇంకా తక్కెడ ఎత్తలేదు.