కొండకు పదకొండు

నాలుగుంబావుకి బడి గంట కొట్టగానే
రోడ్డుకవతల మస్తాను బంకు ముందు
అయిదు రూపాయల ప్యాకెట్లు పటపటా చినుగుతాయి.
వాన మొదలైనట్టు ఒకటే చప్పుడు.
చీమకుర్తిలో ఆ వాన మాత్రం ఏ రోజూ తప్పదు.

ఆ చప్పుడుకీ చీకటికీ మధ్య
రెండు గంటలకు నన్ను వేశారు.
పిల్లల్ని ఆడించాలి, మంచి తిండి పెట్టాలి అన్నారు.
ఒక చార్టు ఇచ్చారు.
దాని మీద యాపిల్‌కాయ,
పక్కన ఆకుపచ్చగా పువ్వులాంటిదేదో.
"ఇదేంది మేడం, తుమ్మచెట్టా?" అన్నాడు దానియేలు.
నాకూ తెలీదు.
చార్టు తిరగేసి గోడకి కొట్టాను.
తెల్లటి వీపు దేనికైనా పనికొస్తుంది.

పొయ్యి మీద అలసందలు ఉడుకుతుంటాయి.
కోటేశ్వరమ్మ ఉల్లిపాయలు తరుగుతూ ఏడుస్తుంది,
ఏడుస్తూనే క్వారీ కబుర్లు చెప్పి నవ్విస్తుంది.
పోపులో గుప్పెడు మునగాకు వేస్తే
మొదటి వారం పసరు వాసనని ముక్కులు మూసుకున్నారు.
రెండో వారం మూసుకునే తిన్నారు.
మూడో వారం ముక్కు సంగతే మరిచిపోయారు.
ఆడొచ్చిన ఆకలికి ముక్కుండదు.

ఆటంటే ఏడుపెంకులాట.
మాకు పెంకులు ఎక్కడివి?
పాలిష్ ఫ్యాక్టరీ వెనక పారబోసిన
నల్లరాతి తునకలు ఏరుకొచ్చాం.
నీళ్లు చల్లితే లోపల బంగారు చుక్కలు.
ఏ దేశంలోనో వీటి మీద కూరలు తరుగుతారంట.
మేం బంతితో కొడతాం.

జూలైలో అంకమ్మ నాలుగడుగులు పరిగెత్తి కూలబడేది.
కింది రెప్ప లాగి చూస్తే కాగితమంత తెలుపు.
వేరుశనగ ఉండ చేతిలో పెడితే
సగం కొరికి, సగం తమ్ముడికని జేబులో దాచేది.
అప్పట్నుంచి రెండు పెడుతున్నాను,
పుస్తకంలో ఒకటే రాస్తున్నాను.

దానియేలు పరిగెత్తడు.
వాళ్లమ్మ రాత్రి షిఫ్టుకి పోతూ
చేతిలో పది నోటు పెడుతుంది.
ఆ నోటే వాడికి రాత్రి అన్నం.
"బండోడా" అంటే వినపడనట్టు
గోడ నీడలో కూర్చునేవాడు.
ఒకరోజు కూలిన పెంకులు వాడి కాళ్ల దగ్గరికి దొర్లాయి.
వంగాడు.
ఒక్కోటీ తిప్పి చూసి,
నువ్వు దేని మీద కూర్చుంటావని రాతినే అడిగినట్టు అడిగి,
ఒరియా పిల్లోడు బికాష్ బంతి దొరకబుచ్చుకునే లోపల
ఏడూ నిలబెట్టాడు.

ఇప్పుడు వాడి కోసం రెండు జట్లూ కొట్లాడుకుంటాయి.
నిలబెట్టేవాడు వంగాలి, లేవాలి, బంతికి తప్పుకోవాలి.
సాయంత్రానికి నూరు గుంజీళ్లవుతాయి వాడికి.
నేను చెప్పను.
చెబితే మానేస్తాడు.

అయిదున్నరకి సైరన్.
ఎక్కడివాళ్లం అక్కడే, బొమ్మల్లా.
కాసేపటికి నేల లోపల్నుంచి ఒక గుద్దు.
బంతి తగలకుండానే పెంకులు కూలిపోతాయి.

పాయింటు ఎవరికి?
మొదట్లో దీని మీద జుట్లు పట్టుకున్నారు.
చివరికి అంకమ్మే తేల్చింది:
"కొండ కొట్టింది గదా, కొండకెయ్యండి."
చార్టు వీపు మీద మూడో గడి గీశాం.
ఎర్ర జట్టు, పచ్చ జట్టు, కొండ.

ఆరింటికి వాళ్ల నాన్న వస్తాడు,
కనురెప్పల దాకా తెల్లటి దుమ్ము,
గేటు కన్నా ముందు దగ్గు వినపడుతుంది.
"నువ్వు తిను నాన్నా" అని గిన్నె చాపుతుంది అంకమ్మ.
రెండు గింజలే తీసుకుంటాడు.
ఆ పూట కోటేశ్వరమ్మ గరిటెకి లెక్క తప్పుతుంది.

ఇవాళ్టికి కొండకు పదకొండు.
ఎర్రకి తొమ్మిది, పచ్చకి ఎనిమిది.
కొండే గెలుస్తుందా అన్నాడు బికాష్ దిగులుగా.
దానియేలు వేళ్లు నాకుతూ గోడకేసి చూశాడు.
"మనవి రెండూ కలిపితే పదిహేడురా,
కొండ కంటే ఆరెక్కువ."

అని, గిన్నె నా ముందుకు తోశాడు.
"ఇంకో గరిటెయ్యండి మేడం. మునగాకు ఉండే కాడ."